వాసన లేని సీసా

“గడ్డ అంటే ఏ గడ్డ డాక్టర్‌గారూ? నాకు అర్థమయ్యేలా చెప్పండి.”

ఇన్‌స్పెక్టర్ ఆ మాట అడిగి కుర్చీలో వెనక్కి వాలింది. వారంగా ఆమెకి సరైన నిద్ర లేదు. మోకాళ్లు సలుపుతున్నాయి. డిపార్ట్‌మెంట్‌లో ఆమెని వెనకాల ‘నిదానం’ అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. మొదట్లో ఒళ్లు మండేది, ఇప్పుడు మండడానికి కూడా ఓపిక లేదు.

బల్లకి అవతల ఊపిరితిత్తుల డాక్టర్ కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. చేతుల వణుకు కనబడకుండా పెన్ను గట్టిగా పట్టుకున్నాడు. తలుపుకి ఆనుకుని స్పెషల్ స్క్వాడ్ ఆఫీసర్ నిలబడ్డాడు. ఒకప్పుడు ఇన్‌స్పెక్టర్ దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆమె ప్రశ్న అడిగినప్పుడల్లా వాచీ చూసుకుంటున్నాడు.

“రెండు రకాలండీ,” అన్నాడు డాక్టర్. “రక్తం పేరుకుపోయి నాళానికి అడ్డం పడితే అది రక్తపు గడ్డ. మందుకి కరుగుతుంది. రెండోది కణితి. నాళం గోడలోంచే పుడుతుంది. చాలా అరుదు. నా సర్వీసు మొత్తంలో ఇది రెండోది. స్కానింగ్‌లో చూస్తే రెండూ ఒక్కలాగే కనబడతాయి. అక్కడే బోల్తా పడతాం.”

“మీరూ పడ్డారా?”

“పడ్డాను. ఆ డ్రైవింగ్ స్కూల్ టీచరమ్మకి గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్లే పెద్ద నాళంలో అడ్డం ఉంది. గడ్డే అనుకుని ఏడాది పాటు రక్తం పలచబడే మందిచ్చాను. కరగలేదు సరికదా, పెరిగింది. మనిషి చిక్కి సగమైంది. అప్పుడు నాకే అనుమానమొచ్చింది. చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపమన్నది నేనే.”

“మూడుసార్లు పంపారు,” అందుకున్నాడు స్క్వాడ్ ఆఫీసర్. “మూడుసార్లూ ఒకటే రిపోర్టు. కణాలు పాడైపోయాయి, ఏమీ చెప్పలేం. ఎందుకు పాడవుతాయి మేడం? ఈయన గడ్డలు కరిగించే ఒక కొత్త మందు మీద పరిశోధన చేస్తున్నారు. ఆ టీచరమ్మ అందులో ఉంది. అది కణితి అని తేలితే ఏడాది తప్పు వైద్యం చేశారని ఊరు కోడై కూస్తుంది. ల్యాబ్ డాక్టరమ్మ ఏదో కనిపెట్టింది. ఆవిణ్ణి మెట్ల మీంచి తోయించారు.”

మొన్న మధ్యాహ్నం జరిగింది అది. ఈ హాస్పిటల్లో శాంపిళ్లు భద్రపరిచే స్టోరు కింది అంతస్తులో ఉంది. దాని మెట్ల కింద ల్యాబ్ డాక్టరమ్మ తల పగిలి పడి ఉంది. అప్పటినుంచి నాలుగో అంతస్తులో ఐసీయూలో స్పృహ లేకుండా ఉంది.

“నేనా?” అన్నాడు డాక్టర్. “ఆవిడా నేనూ ఇరవయ్యేళ్లు ఒక టేబుల్ దగ్గర భోంచేశామండీ.”

ఇన్‌స్పెక్టర్ కుర్చీ ముందుకి జరుపుకుంది. “తీసిన ముక్కని ఎలా దాస్తారు?”

“ఫార్మలిన్‌లో వేస్తారు. ముక్క కుళ్లకుండా కాపాడే మందునీళ్లు. మూత తీస్తే కళ్లు మండిపోతాయి.”

“అందులో వెయ్యకపోతే?”

“ఒక్కపూటలో కణాలన్నీ పగిలిపోతాయి. మైక్రోస్కోప్ కింద చూడ్డానికి ఏమీ మిగలదు.”

ఆ జవాబు తర్వాత డాక్టరే ఒక్కసారి ఆగిపోయాడు. తన నోటి నుంచి వచ్చిన మాట తనకే కొత్తగా వినబడినట్టు ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఆమె అప్పటికే లేచింది.

“సాయంత్రానికి అరెస్టు చేస్తున్నాను మేడం,” అన్నాడు స్క్వాడ్ ఆఫీసర్ వరండాలో. “పైనుంచి కూడా తొందరపెడుతున్నారు.”

“చెయ్యి నాయనా. సాయంత్రానికి ఇంకా చాలా టైముందిగా. స్టోరు చూపించు.”

మెట్లు నున్నటి రాయివి. పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉంది గానీ చివరి నాలుగు మెట్ల దగ్గర ఊడిపోయింది. కింద ఇరుకు గది, ఇనప ర్యాకులు. వాటినిండా మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలు. ఒక్కో సీసా మీదా పేషెంటు పేరు చీటీ. ల్యాబ్ డాక్టరమ్మని మొదట చూసింది వాచ్‌మన్. అతన్ని పిలిపించింది ఇన్‌స్పెక్టర్.

“ఎలా పడి ఉందో సరిగ్గా చెప్పు.”

“ఎడమ పక్కకి తిరిగి పడుకుని ఉందమ్మా. కుడి మోకాలు మడిచి ముందుకి పెట్టి ఉంది. తల కింద ఆకుపచ్చ గుడ్డ మడత. నిద్రపోతోందేమో అనుకున్నాను. దగ్గరికొస్తే రక్తం. ఇక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.”

“నువ్వు తిప్పావా పక్కకి?”

“అమ్మో, నేను ముట్టుకోలేదు. ఎమర్జెన్సీ బెల్లు మోగితే పరిగెత్తుకొచ్చాను. అప్పటికే అలా ఉంది.”

“బెల్లు కొట్టిందెవరు?”

“నేనొచ్చేసరికి ఎవ్వరూ లేరమ్మా.”

ఇన్‌స్పెక్టర్ కింది మెట్టు మీద చతికిలబడింది. ఆ నేల వంక చాలాసేపు చూసింది. “మెట్ల మీంచి దొర్లిన మనిషి తనంతట తాను అంత పొందిగ్గా పడుకోదు. నాలుక వెనక్కి పడి ఊపిరి ఆగిపోకుండా మనిషిని అలా పడుకోబెడతారు.”

“డాక్టర్‌కి అది రాదా?” అన్నాడు స్క్వాడ్ ఆఫీసర్.

“వచ్చు. కానీ ఆ మధ్యాహ్నం ఆయన పేషెంట్లని చూస్తున్నాడు. వరండా నిండా సాక్షులే.”

“డబ్బిచ్చి ఎవణ్ణో పంపుంటాడు.”

“డబ్బుకొచ్చినవాడు తోసేసి, మళ్లీ తల కింద గుడ్డ మడిచి పెట్టి, బెల్లు కూడా కొట్టి వెళ్తాడా? అంత మంచి రౌడీ దొరికితే మన డిపార్ట్‌మెంట్‌లోనే ఉద్యోగం ఇచ్చేద్దాం.”

అతని మొహం కందగడ్డయింది. వాచ్‌మన్ పక్కకి తిరిగి నవ్వాపుకున్నాడు.

“ఇక్కడ నేల మీద ఇంకేమైనా దొరికిందా?”

“ఏం లేదు. ఒక సీసా ర్యాకు కిందకి దొర్లి ఉంటే మావాళ్లు తీసి పైన పెట్టారు.”

“తీసి పైన పెట్టారు,” అంది ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. “తుడిచి కూడా పెట్టారా?”

ఏ సీసానో కూడా అతనికి గుర్తులేదు. ఆమె అతన్ని కోప్పడలేదు. కళ్లజోడు పెట్టుకుని పేర్లు చదువుతూ ర్యాకుల వెంట నడిచింది. డ్రైవింగ్ టీచరమ్మ పేరున్న సీసా మూడో ర్యాకులో, మిగతావాటి కంటే కొంచెం ముందుకి, వంకరగా ఉంది. మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత పక్క సీసా మూత తీసింది. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. ఇంకోటి తీసింది, గొంతు పట్టేసి దగ్గొచ్చింది. స్క్వాడ్ ఆఫీసర్ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఇప్పుడిది చూడు.” ఆమె మొదటి సీసా అతని ముందుకి చాపింది.

అతను భయంభయంగా వాసన చూశాడు. మళ్లీ చూశాడు. “ఏమీ లేదు.”

“లేదు కదా.”

“ఆవిరైపోయి ఉంటుంది.”

“ఆవిరైతే సీసా ఖాళీ అవ్వాలి. ఇది అంచుదాకా ఉంది. మందు పారబోసి సెలైన్ పోశారు. మూడుసార్లూ అదే చేసుంటారు. ముక్కలు అందుకే కుళ్లిపోయాయి. మూడోసారికి ల్యాబ్ డాక్టరమ్మకి అనుమానమొచ్చి సీసా వెతుక్కుంటూ ఇక్కడికొచ్చింది.”

“అంటే నేను చెప్పిందేగా! ముక్క తేలకూడదనుకున్నది ఆ పెద్దాయనే.”

“పరీక్ష చేయించమని అడిగిందీ ఆయనే, చెడగొట్టిందీ ఆయనే అంటావు.” ఆమె సీసాని సంచిలో పెట్టి ముడివేసింది. “నువ్వు ముక్క తేలితే ఎవరి పరువు పోతుందా అని ఆలోచిస్తున్నావు. ముక్క తేలితే తర్వాత ఏమవుతుందో ఆలోచించు. రుజువు చేతికొస్తే ఆ అమ్మాయికి ఆపరేషన్ చేస్తారు. ఆ ఆపరేషన్ జరగకూడదనుకునేది ఎవరు?”

జవాబు ఆమెకి అప్పటికే తట్టింది గానీ అది నిజం కాకూడదని మనసులో ఎక్కడో అనుకుంటూ మెట్లెక్కింది. ఒక్కో మెట్టుకీ మోకాలు కలుక్కుమంటోంది. తీసిన ముక్క ల్యాబ్‌కి వెళ్లేలోపు ఆపరేషన్ థియేటర్ల పక్కన చిన్న కిటికీ గట్టు మీద ఉంటుందని ల్యాబ్ టెక్నీషియన్ నిన్ననే చెప్పాడు. అక్కడికి థియేటర్ బట్టలు వేసుకున్నవాళ్లు తప్ప ఎవరూ వెళ్లరు. ఆ బట్టలు ఆకుపచ్చవి.

పేషెంటు గది కిటికీ తెరిచి ఉంది. మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుంది డ్రైవింగ్ టీచర్. నలభై కూడా లేవు. బుగ్గలు లోపలికి పోయి కళ్లు మాత్రం పెద్దవిగా ఉన్నాయి. వెనక నిలబడి ఆమె అక్క జడ అల్లుతోంది. ఈ హాస్పిటల్లో అందరికంటే సీనియర్ థియేటర్ సిస్టర్. చెల్లెలంటే ఆవిడకి ప్రాణమని ఈ మూడు రోజుల్లో ఇన్‌స్పెక్టర్‌కి కనీసం అరడజను మంది చెప్పారు.

“రండి మేడం, కూర్చోండి,” అంది చెల్లెలు. ఒక్కో మాటకీ మధ్యలో ఊపిరి తీసుకోవాల్సొస్తోంది. “మీకు డ్రైవింగ్ వచ్చా?”

“వచ్చు. మా డ్రైవర్ మాత్రం రాదంటాడు.”

ఆమె నవ్వబోయి దగ్గింది. “క్లచ్ అంటే బ్రేకు తొక్కేవాళ్లతో పదేళ్లు వేగాను. చావలేదు. ఈ పాడు గడ్డ మాత్రం... అమ్మ పోయాక అక్కే పెంచింది నన్ను. నా మూలంగా పెళ్లి కూడా మానేసింది.”

“నీ మూలంగా కాదే,” అంది అక్క. “వచ్చిన సంబంధాల మూలంగా.”

“ఆపరేషనంటే భయమా?” ఇన్‌స్పెక్టర్ చెల్లెల్నే అడిగింది.

“భయం లేకుండా ఎలా ఉంటుంది? కానీ ఇలా కూర్చుని ఊపిరి కోసం దేవులాడ్డం కంటే ఏదో ఒకటి తేలిపోవడం నయం. అక్కే వద్దంటుంది. మందుకే తగ్గుతుందంటుంది. థియేటర్‌లో ఉండే మనిషి, ఆవిడకి తెలీదా అని నేనూ ఊరుకున్నాను.”

జడ అల్లుతున్న వేళ్లు ఆగిపోయాయి.

“సిస్టర్,” అంది ఇన్‌స్పెక్టర్. “ఒక్క నిమిషం బయటికి వస్తారా?”

“జడ పూర్తిచేసి వస్తాను.”

“చెయ్యండి.”

ఆమె జడ చివరిదాకా అల్లి, రబ్బరు బ్యాండు రెండు మెలికలు తిప్పి, చెల్లెలి భుజం మీదకి వేసి వచ్చింది. దుప్పట్లు పెట్టుకునే గదిలోకి నడిచారు ఇద్దరూ. ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గరికి వేసింది.

“మనిషిని తోసేసినవాళ్లు పారిపోతారు సిస్టర్. మీరు వెంటనే పారిపోలేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టారు. తల కింద గుడ్డ పెట్టారు. బెల్లు కొట్టారు. సీసా కోసం వెళ్లి సీసా మర్చిపోయారు.”

సిస్టర్ ఉతికిన దుప్పట్ల గుట్ట మీద కూలబడింది.

“రెండేళ్ల కిందట ఇదే జబ్బుతో ఒకాయన వచ్చాడు మేడం. మా హాస్పిటల్ సర్జనే ఆపరేషన్ చేశాడు. నేనే పక్కన నిలబడి కత్తెర్లందించాను. గుండె ఆపేసి మిషన్ మీద పెట్టారు. నాళం కోసి ఆ కణితిని లోపలి పొరతో సహా ఒలిచారు. పొద్దున మొదలుపెడితే చీకటి పడింది. అంతా అయ్యాక గుండెని మళ్లీ కొట్టించబోతే అది కొట్టుకోలేదు. చేత్తో పిసికారు, కరెంటిచ్చారు. కొట్టుకోలేదు.” ఆమె తన అరిచేతుల్లోకి చూసుకుంది. “మా చెల్లి స్కానింగ్ చూసిన రోజే నాకు తెలుసు అది గడ్డ కాదని. ఆ బల్ల మీద దాన్ని నేను చూడలేను. తేలకపోతే ఆపరేషన్ ఉండదు. ఉన్నన్నాళ్లు నా కళ్ల ముందు ఉంటుంది, నవ్వుకుంటూ ఉంటుంది అనుకున్నాను. అంతే మేడం. ఇంకేమీ అనుకోలేదు.”

“ల్యాబ్ డాక్టరమ్మ?”

“మంచిగానే మాట్లాడిందావిడ. అరవలేదు కూడా. ‘నువ్వే కదూ? ఎందుకో నాకర్థమైంది. ఈసారి ముక్క నేనే దగ్గరుండి తీసుకెళ్తాను, నువ్వు సెలవు పెట్టు’ అంది. మెట్ల మీద ఉన్నాం. నాకు మతి పోయింది. సీసా లాక్కోబోయాను. ఆవిడ వదల్లేదు. ఇద్దరం లాగుతున్నాం. అప్పుడు నాకే సిగ్గనిపించి నేను వదిలేశాను.” ఆమె కళ్లెత్తింది. “లాగినంతసేపూ నిలబడే ఉంది మేడం. వదిలేసరికి పడిపోయింది.”

ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకుంది. ఇన్నేళ్లలో ఆమె ఎంతోమంది చేత నిజం చెప్పించింది. అందులో సంతోషపడ్డ సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అప్పుడే వరండాలో ఎవరో గట్టిగా అరిచారు. పరుగులు వినబడ్డాయి. సిస్టర్ ఒక్క ఉదుటున లేచి తలుపు లాగింది.

చెల్లెలి నోటి నుంచి రక్తం పడింది. దిండంతా ఎరుపు. ఇద్దరు నర్సులు ఆమెను పక్కకి తిప్పి పట్టుకున్నారు. ఊపిరితిత్తుల డాక్టర్ ఎక్కడినుంచి వచ్చాడో చొక్కా చేతులు పైకి తోసుకుని గొంతులోకి గొట్టం వేస్తున్నాడు. ఆ పని చేసేటప్పుడు ఆయన చేతులు వణకలేదు. ఆయన వెనకే సర్జన్ వచ్చాడు. పొడుగాటి మనిషి, కళ్ల కింద నల్లటి చారలు. రెండు నిమిషాలు చూసి అన్నాడు.

“ఇక ముక్కా లేదు, పరీక్షా లేదు. ఇప్పుడే తెరవాలి. లేకపోతే రాత్రిదాకా ఆగదు. పేషెంటుకి స్పృహ లేదు. దగ్గరి బంధువు సంతకం కావాలి.”

అందరూ సిస్టర్ వైపు తిరిగారు. సరిగ్గా అప్పుడే స్క్వాడ్ ఆఫీసర్ ఇద్దరు కానిస్టేబుళ్లతో వచ్చి నిలబడ్డాడు. దుప్పట్ల గది బయట అతను ఎంతసేపు నిలబడ్డాడో గానీ, వినాల్సిందంతా విన్నట్టే ఉన్నాడు.

“సిస్టర్, నడవండి. జీపు కింద ఉంది.”

ఇన్‌స్పెక్టర్ అతనికీ ఆమెకీ మధ్యలోకి జరిగింది. “సంతకం పెట్టాక.”

“మేడం, ఆవిడ ముద్దాయి. ఈ పేషెంటు ప్రాణం మీదకి తెచ్చిందే ఆవిడ. ఆవిడ సంతకం ఎలా చెల్లుతుంది?”

“ఆ అమ్మాయికి ఇంకెవరూ లేరు.”

“రూలు ప్రకారం...”

“రూలు నాకూ తెలుసు. నీకు నేర్పింది నేనే.” ఆమె గొంతు పెంచలేదు. “మధ్యాహ్నందాకా ఆ పెద్దాయన్ని పట్టుకుపోతానన్నావు. నీ మాట వినుంటే ఇప్పుడు ఆ గొట్టం ఎవరు వేసేవారు? కాస్త ఊపిరి పీల్చుకో. ఆవిడ ఎక్కడికీ పోదు.”

అతను మంచం దగ్గరున్న ముసలి డాక్టర్ని చూశాడు. గోడ వైపుకి తప్పుకున్నాడు.

సిస్టర్ పెన్ను తీసుకుంది గానీ కాగితం మీద పెట్టలేదు. “సార్, నిజం చెప్పండి. మీ చేతిలో బతుకుతుందా?”

“మూడు నెలల కిందట మొదటి ముక్క తీసినప్పుడు అడిగుంటే ధైర్యంగా చెప్పేవాణ్ణి,” అన్నాడు సర్జన్. “అప్పటి స్కానింగ్‌లో అది ఒక పక్కే ఉంది. ఇప్పుడు రెండో పక్కకి పాకింది.”

“రెండేళ్ల కిందట ఆయన...”

“ఆయన మన దగ్గరికొచ్చేసరికే అది గుండెలోకి దిగిపోయింది. నీకు చెప్పలేదు కదూ? థియేటర్‌లో ఉన్నావు, నీకు తెలుసనుకున్నాను. ఆయన్ని చంపింది ఆపరేషన్ కాదమ్మా, ఆలస్యం.”

ఆమె సంతకం పెట్టింది. పెన్ను తిరిగిచ్చేటప్పుడు అది చేతిలోంచి జారి మంచం కింద పడింది. దాన్నెవరూ తియ్యలేదు.

థియేటర్ బయట బెంచీ మీద ఇన్‌స్పెక్టర్, ఆమె పక్కన సిస్టర్ కూర్చున్నారు. కొంచెం దూరంలో కానిస్టేబుళ్లు. ఊపిరితిత్తుల డాక్టర్ వచ్చి మరో కుర్చీలో కూర్చున్నాడు. ఎవరి మొహం ఎవరూ చూడలేదు. ఒకసారి సిస్టర్ తనలో తాను అనుకున్నట్టు చెప్పింది, “ఇప్పుడు గుండె ఆపుంటారు.” ఇంకాసేపటికి, “ఇప్పుడు ఒలుస్తుంటారు.” ఇన్‌స్పెక్టర్‌కి వద్దని చెప్పాలనిపించింది. లోపల జరిగేదంతా మూసిన తలుపులోంచి సిస్టర్ ఒక్కర్తికే కనబడుతోంది. స్క్వాడ్ ఆఫీసర్ ఎక్కడికో వెళ్లి కాగితం కప్పుల్లో టీ పట్టుకొచ్చాడు. అందరికీ ఇచ్చి సిస్టర్ ముందుకొచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, ఆమెకీ ఇచ్చాడు.

కిటికీ అద్దం అవతల చీకటి పడి చాలాసేపయ్యాక తలుపు తెరుచుకుంది. సర్జన్ టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు.

“అడ్డమంతా బయటికొచ్చింది. కుడి ఊపిరితిత్తి మొత్తం తీసెయ్యాల్సొచ్చింది. ఎడమ పక్కది ఒలిచాను. నాళానికి కొంత మేర కొత్త గోడ కట్టాం.” ఆయన సిస్టర్ వైపు చూశాడు. “గుండె మొదటిసారికే కొట్టుకుంది. కణితే, సందేహం లేదు. ముందుంది చాలా. మందులెక్కించాలి, మళ్లీ రాదని ఎవరూ రాసివ్వలేరు. కానీ ఇవాళ్టికి ఉంది.”

సిస్టర్ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఆ వేళ్ల సందుల్లోంచి వచ్చిన శబ్దం ఏడుపో నవ్వో తెలియలేదు. ముసలి డాక్టర్ ఆమె తల మీద చెయ్యేసి నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ జేబులో ఫోన్ మోగింది. ఆమె లేచి నాలుగడుగులు అవతలికి వెళ్లి వింది. “ఎప్పుడు?” అని మాత్రం అడిగింది. ఫోన్ జేబులో పెట్టుకుని కాసేపు అక్కడే, గోడ వైపు తిరిగి నిలబడింది. స్క్వాడ్ ఆఫీసర్ ఆమె పక్కకి వచ్చాడు. మొహం చూడగానే అతనికి అర్థమైంది.

“ఇక కేసు సెక్షన్ మారిపోతుంది మేడం,” అన్నాడు మెల్లిగా. ఆ గొంతులో గెలుపు లేదు.

“తెలుసు.”

“నేను చెప్పనా ఆవిడకి?”

“వద్దు. నేను చెప్తాను.”

సిస్టర్ అప్పటికే లేచి కళ్లు తుడుచుకుంది. ఎన్నాళ్లుగానో మొయ్యలేక మోస్తున్నదేదో దించుకున్నట్టు ఆమె మొహం తేలికపడింది. “ఇక ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను మేడం. ఒక్కటే అడుగుతాను. పైన నాలుగో అంతస్తులో ఆ డాక్టరమ్మ కళ్లు తెరిచిన రోజు నన్ను ఒక్కసారి తీసుకురండి. కాళ్లు పట్టుకుంటాను. తిట్టినా పడతాను.”

ఇన్‌స్పెక్టర్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎంత బరువుగా ఉందో ఆమెకే తెలిసింది.

“సిస్టర్, ఇలా కూర్చోండి.”

ఆమె కూర్చోలేదు. ఇరవయ్యేళ్లుగా హాస్పిటల్లో బతికిన మనిషి. ఎవర్నైనా ముందు కూర్చోమన్నారంటే ఆ తర్వాత ఏం చెప్తారో ఆమెకి తెలుసు.

“నాలుగో అంతస్తా?” అని అడిగింది.

ఇన్‌స్పెక్టర్ తలూపింది.